కిషి స్టేషన్: పిల్లి కంటే ముందు ఊరు

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి, జంపఖానా పరిచే ఉంది.

లైబ్రేరియన్ గారు ఫోన్ చేసి, "మీరు రిటైరైన స్టేషన్ మాస్టర్ కదా, ఉద్యోగం రోజుల కబుర్లు ఏవైనా చెప్పండి" అన్నారు. ముప్పై నాలుగేళ్ల సర్వీసు, కబుర్లకు కరువు లేదు. అయితే కొన్నాళ్లుగా నా మనసులో తిరుగుతున్నది నేను పనిచేసిన స్టేషన్ కాదు, ఒక్క రోజు చూసి వచ్చిన స్టేషన్. జపాన్‌లో కిషి అని ఒక చిన్న స్టేషన్ ఉంది. దాని గురించి మాట్లాడతానన్నాను. ఆయన సరేనన్నారు.

ముందుగా ఒక మాట అడుగుతాను. వాట్సాప్‌లో మీకు ఈ కథ వచ్చిందా? మంచు ప్రాంతంలో ఒక స్టేషన్, అక్కడ ఎక్కేది ఒకే ఒక్క స్కూలమ్మాయి, ఆ పిల్ల చదువు పూర్తయ్యేదాకా రైల్వే వాళ్లు స్టేషన్ మూయకుండా ఆమె ఒక్కదాని కోసమే రైలు నడిపారు అని. వచ్చినవాళ్లు చెయ్యెత్తండి. చూశారా, సగం మంది పైనే.

ఆ స్టేషన్ పేరు క్యూ-షిరతాకి. ఉత్తరాన హొక్కైడో దీవిలో, సెకిహోకు లైను మీద ఉండేది. 2016 మార్చి 26న మూతపడింది, నిజమే. అక్కడ ఒక హైస్కూలు అమ్మాయి ఎక్కి ఎంగరు అనే ఊళ్లో చదువుకోవడానికి వెళ్లేది, అదీ నిజమే. కానీ రైలు ఆమె ఒక్కదాని కోసం నడవలేదు. అదే బండిలో వేరే స్టేషన్ల పిల్లలూ వెళ్లేవాళ్లు. ఇటు ఒక బండి, అటు ఒక బండి మాత్రమే ఆగేది క్యూ-షిరతాకిలో కాదు, అదే వరసలో ఉన్న కామి-షిరతాకిలో. ఎవరో రెండింటినీ కలిపేశారు. ఇక చదువు అయ్యేదాకా ఆగారన్న మాట. జపాన్‌లో స్కూలు సంవత్సరం మార్చితో ముగుస్తుంది. రైళ్ల టైంటేబుల్ కూడా ఏటా మార్చిలోనే మారుతుంది, స్టేషన్లు మూసినా ఆ మార్పుతోపాటే మూస్తారు. రెండూ ఒకే నెలలో పడ్డాయి, అంతే.

ఈ కథ చదివి కళ్లు తుడుచుకున్నవాళ్లని నేను తప్పు పట్టను. నాకు బాధ కలిగించింది వేరే. ఆ కథలో ఒక దయగల కంపెనీ ఉంది, ఆ దయ అందుకున్న ఒక పాప ఉంది. మధ్యలో ఊరు మాయమైపోయింది. ఒక చిన్న స్టేషన్ బతకాలన్నా, మూతపడాలన్నా అందులో ఊరి పాత్ర ఎంత ఉంటుందో ముప్పై నాలుగేళ్లు కళ్లారా చూసినవాణ్ని నేను. అందుకే కిషి సంగతి చెప్పాలనిపించింది. అక్కడి కథకు కూడా ప్రపంచమంతా తెలిసిన ఒక ముద్దు రూపం ఉంది. టోపీ పెట్టుకున్న పిల్లి. చాలామంది ఆ పిల్లి దగ్గరే ఆగిపోతారు. దానికి ముందు జరిగిన సంగతులే నేను ఎక్కువగా చెబుతాను.

ఒక విషయం అర్థమైతే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. జపాన్ పల్లెల్లో రైలు ఎక్కేది ఎవరు? పెద్దవాళ్లకు ఇంటింటా కార్లున్నాయి. పల్లె లైనులో పొద్దున్న బండి ఎక్కితే కనిపించేది ఎక్కువగా యూనిఫాం వేసుకున్న హైస్కూలు పిల్లలు, ఆసుపత్రికో బజారుకో వెళ్లే ముసలివాళ్లు. అక్కడ కారు లైసెన్సు రావాలంటే పద్దెనిమిదేళ్లు నిండాలి. హైస్కూల్లో చేరేది పదిహేనేళ్లకి. పరీక్ష రాసి సీటు తెచ్చుకోవాలి, సీటు ఏ ఊళ్లో వస్తే ఆ ఊరికి వెళ్లాలి. కాబట్టి ఆ మూడేళ్లూ పిల్లలకు రైలే కాళ్లు. లైను తీసేస్తే, పొద్దున్నే కారులో దించి సాయంత్రం తీసుకురావడం అమ్మకో నాన్నకో రోజూ పని అవుతుంది. అది కుదరని ఇంట్లో పిల్ల తనకు నచ్చిన స్కూలు మానుకుని దగ్గర్లో ఏది ఉంటే అందులో చేరుతుంది. ఒక బ్రాంచి లైను మూసేటప్పుడు ఆదాయం, ఖర్చు అని రెండు గడులు గీసి లెక్క వేస్తారు. ఆ పిల్ల మానుకున్న స్కూలు ఏ గడిలోనూ ఉండదు.

నేను వెళ్లింది 2018 అక్టోబరులో. మా అబ్బాయి ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒసాకాకి దక్షిణాన వకాయామా నగరం. అక్కడ పెద్ద స్టేషన్లో 9వ నంబరు ప్లాట్‌ఫారం ఒక చివరగా ఉంటుంది. అక్కడినుంచి కిషిగావా లైను మొదలు. మొత్తం పొడవు 14.3 కిలోమీటర్లు, స్టేషన్లు 14, ప్రయాణం అరగంట పైచిలుకు. సింగిల్ లైను. రెండు పెట్టెల కరెంటు బండి.

బండిలో డ్రైవర్ ఒక్కడే. గార్డు లేడు. మధ్య స్టేషన్లలో దాదాపు ఎక్కడా సిబ్బంది లేరు. వెనక తలుపు దగ్గర ఎక్కినప్పుడు ఒక చిన్న మిషన్ నంబరు వేసిన చీటీ ఇస్తుంది. దిగేటప్పుడు ముందుకొచ్చి, డ్రైవర్ పక్కనున్న డబ్బాలో చీటీ, దానికి తగ్గ చిల్లర వేసి దిగాలి. మా వాడు టీవీ చూసినట్టు కిటికీలోంచి చూస్తున్నాడు కానీ నేను డ్రైవర్ చేతులే చూస్తూ కూర్చున్నాను. సిగ్నల్ రాగానే తెల్ల గ్లవ్ వేసుకున్న చేత్తో వేలు చూపించి, పైకి వినపడేట్టు ఏదో అంటాడు. బండి కదిలేముందు అద్దంలోకి వేలు చూపించి మళ్లీ అంటాడు. క్యాబిన్లో ఇంకెవరూ లేరు, వినేవాళ్లు లేరు. అయినా అంటాడు. మన లోకో పైలట్లు కూడా సిగ్నల్ రంగు పైకి అరిచి చెప్పుకుంటారు, మన దగ్గర ఇద్దరుంటారు కాబట్టి ఒకరికొకరు చెప్పుకుంటారు. భాష తెలియకపోయినా ఆ పని నాకు తెలుసు. అతను ఏమంటున్నాడో నాకు అర్థమైంది.

దారిలో పొలాలు, పెంకుటిళ్లు, ఒక పెద్ద చెరువు. చెరువు మీదుగానే బండి పోతుంది. దాని ఒడ్డున ఒక స్టేషన్. మధ్యలో ఇదకిసో అనే ఊరు, అక్కడ రైలు బండ్ల షెడ్డు, కంపెనీ ఆఫీసు. ఆ పేరుతోనే చెట్లను కాచే దేవుడి గుడి కూడా ఉంది. అసలు ఈ లైను పుట్టింది గుళ్ల కోసం. 1916లో, ఈ దారిలోని మూడు గుళ్లకు వెళ్లే యాత్రికుల కోసం చిన్న రైలుగా మొదలుపెట్టారు. కిషి దాకా పొడిగించింది 1933లో. అంటే కిషి స్టేషన్ అప్పటినుంచి ఆ లైనుకు చివరి స్టేషన్. ఒకే ప్లాట్‌ఫారం, ఒకే పట్టా. బండి వస్తుంది, ఆగుతుంది, వచ్చిన దారినే వెనక్కి పోతుంది.

1961లో ఈ లైను నన్‌కాయ్ అనే పెద్ద ప్రైవేటు రైల్వే కంపెనీ చేతికి వచ్చింది. తరవాత దశాబ్దాల్లో కార్లు పెరిగాయి, పిల్లలు తగ్గారు, లైను నష్టాల్లో పడింది. ఇది ఈ ఒక్క లైను కథ కాదు. జపాన్ ప్రభుత్వ రైల్వే అప్పుల్లో మునిగిపోయి, 1980లో చట్టం చేసి, జనం తక్కువ ఎక్కే 83 లైన్లను వదిలించుకునే జాబితాలో పెట్టింది. మూడు వేల కిలోమీటర్ల పైన. వాటిలో 45 లైన్లకు పట్టాలు పీకి బస్సులు వేశారు. మిగతా 38 లైన్లను స్థానిక కంపెనీలు తీసుకుని రైళ్లుగానే ఉంచాయి. 1987లో ప్రభుత్వ రైల్వేనే ముక్కలు చేసి కంపెనీలుగా మార్చారు. ఆ తరవాత 2000లో చట్టం ఇంకోసారి మారింది. అంతకుముందు ఒక లైను ఎత్తేయాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి. కొత్త చట్టంతో ఏడాది ముందు నోటీసు ఇస్తే సరిపోతుంది. పల్లె లైన్లకు ఇది పెద్ద దెబ్బ.

2004లో నన్‌కాయ్ ఆ నోటీసు ఇచ్చింది. ఇక మేం నడపలేం, వెళ్లిపోతాం అని.

ఇక్కడ నిదానంగా వినండి. అసలు కథ ఇదే.

నోటీసు వచ్చాక ఊళ్లో వాళ్లు ఒక సంఘం పెట్టారు. దాని పేరు తెలుగులో చెప్పుకోవాలంటే "కిషిగావా లైను భవిష్యత్తును తయారుచేసే సంఘం". కాపాడే సంఘం అని పెట్టుకోలేదు చూడండి, తయారుచేసే సంఘం అన్నారు. ఏడాదికి వెయ్యి యెన్ల చందా, ఇప్పటి మన లెక్కలో అయిదారు వందల రూపాయలు. చందా కట్టి చేరినవాళ్లు ఆరు వేల పైన. వాళ్ల నినాదం "ఎక్కి నిలబెడదాం". ధర్నా చేసి నిలబెడదాం అనలేదు. సంతకాలు పెట్టి నిలబెడదాం అనలేదు. ఎక్కి నిలబెడదాం అన్నారు. స్టేషన్ మాస్టర్‌గా ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. ఎందుకంటే నా సర్వీసులో, ఏదైనా బండికి స్టాపు తీసేస్తారని తెలిస్తే పట్టాల మీద బైఠాయించే జనాన్ని చూశాను, వాళ్ల బాధ నిజమైనదే. కానీ మర్నాడు అదే బండికి టిక్కెట్ కౌంటర్లో చూస్తే నాలుగే టిక్కెట్లు తెగేవి. బస్సెక్కి పోయేవాళ్లు.

ఆ సంఘంతోపాటు ప్రభుత్వం కూడా కదిలింది. లైను కింద భూమి కొనే ఖర్చు జిల్లాకు పైనుండే ప్రాంతీయ ప్రభుత్వం భరించింది. వకాయామా నగరం, కిషి ఉన్న కిషిగావా పట్టణం కలిసి పదేళ్లపాటు నష్టం భర్తీ చేస్తామన్నాయి, మొత్తం 82 కోట్ల యెన్ల దాకా. ఆ హామీ చేతిలో పెట్టుకుని, నడిపేవాళ్లు ఎవరైనా రండి అని బహిరంగంగా పిలిచారు. ఒకాయామా నగరంలో ట్రాములు నడిపే ఒక కంపెనీ ముందుకొచ్చింది. దాని కింద వకాయామా ఎలక్ట్రిక్ రైల్వే అని చిన్న కంపెనీ పెట్టారు. 2006 ఏప్రిల్ 1న అదే పట్టాల మీద, కొత్త పేరుతో బండి నడిచింది. కొత్త కంపెనీ అధ్యక్షుడు మిత్సునోబు కొజిమా. లైను ఎలా నడపాలో చర్చించే కమిటీలో ఊరివాళ్లని కూడా కూర్చోబెట్టారు.

ఖర్చు తగ్గించడానికి కొత్త కంపెనీ చేసిన మొదటి పనుల్లో ఒకటి, కిషి స్టేషన్లో ఉద్యోగుల్ని తీసేయడం. మనుషుల్లేని స్టేషన్ అయిపోయింది. ఇదే నాకు కష్టంగా తోచే ఘట్టం. స్టేషన్ అంటే బిల్డింగ్ కాదు. "మాస్టారూ, బండి ఎంత లేటు?" అని అడిగితే జవాబు చెప్పే మనిషి ఉండాలి. ఆ మనిషి లేకపోతే అది చూరున్న బస్టాపు.

స్టేషన్ పక్కనే ఒక చిన్న కిరాణా కొట్టు ఉంది. ఆ కొట్టు యజమానురాలు కొన్ని పిల్లులకు తిండి పెట్టేది. వాటి గూడు కొట్టుకీ స్టేషన్‌కీ మధ్య స్థలంలో ఉండేది. యాజమాన్యం మారడంతో ఆ స్థలం ఖాళీ చేయాల్సి వచ్చింది. కొత్త కంపెనీ ప్రారంభోత్సవానికి కొజిమా వచ్చినప్పుడు ఆమె ఆయన దగ్గరికెళ్లి, ఈ పిల్లుల్ని స్టేషన్లో ఉండనివ్వండి అని అడిగింది. ఆయన ఆ పిల్లుల్లో ఒకదాని కళ్లలోకి చూశాడు. తెలుపు, నలుపు, గోధుమ రంగు మచ్చలున్న ఆడపిల్లి. అక్కడి వ్యాపారస్తులు మూడు రంగుల పిల్లిని అదృష్టమంటారు. దాన్ని చూడగానే టోపీ పెట్టుకున్న స్టేషన్ మాస్టర్ రూపం తన కళ్ల ముందు మెదిలిందని ఆయన తరవాత చెప్పుకున్నాడు.

ఆ పిల్లి పేరు తమా. 1999 ఏప్రిల్ 29న పుట్టింది. 2007 జనవరి 5న కిషి స్టేషన్ మాస్టర్‌గా నియామక పత్రం ఇచ్చారు. జీతం ఏడాదికి సరిపడా పిల్లి తిండి. డ్యూటీ, వచ్చినవాళ్లకి స్వాగతం చెప్పడం. పిల్లి తలకు సరిపోయే టోపీ కుట్టడానికే ఆరు నెలల పైన పట్టింది. రైల్వే టోపీ అంటే రైల్వే టోపీలాగే ఉండాలి, బ్యాడ్జీతో సహా, అందుకని. ఆ పట్టుదల నాకు నచ్చింది. వీధి నాటకంలో టోపీలాంటిది ఏదో పెట్టి ఫొటో తీసుకోలేదు. పదవి పదవిలా ఇచ్చారు. కొట్టులోని ఇంకో రెండు పిల్లులకు అసిస్టెంట్ స్టేషన్ మాస్టర్ ఉద్యోగాలిచ్చారు.

ఆ నెలలోనే ప్రయాణికులు అంతకుముందు ఏడాది జనవరి కంటే 17 శాతం పెరిగారు. జపాన్ నలుమూలల నుంచి వచ్చారు, తరవాత తైవాన్, హాంకాంగ్ నుంచి వచ్చారు. 2008లో తమాకు సూపర్ స్టేషన్ మాస్టర్‌గా ప్రమోషన్ వచ్చింది. ఆ పిల్లి వల్ల ఒక్క ఏడాదిలో ఆ ప్రాంతానికి 110 కోట్ల యెన్ల రాబడి వచ్చిందని ఒక ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ లెక్కగట్టాడు. ఎయిజి మితోఒకా అనే పేరున్న డిజైనర్ ఈ లైను బండ్లని మార్చాడు. ఆ ప్రాంతంలో స్ట్రాబెర్రీలు బాగా పండుతాయి, అందుకని 2006లో స్ట్రాబెర్రీ బండి వచ్చింది. తరవాత బొమ్మల బండి. 2009లో తమా బండి, దాని మీద 101 పిల్లి బొమ్మలు, ముందు భాగంలో మీసాలు, పైన చెవులు. ఈ బండ్ల ఖర్చుకు జనం విరాళాలిచ్చారు. వకాయామా రేగుపండు లాంటి ఊమె పండు ఊరగాయకు పేరు, 2016లో దాని పేరున కూడా ఒక బండి వేశారు. మన గుంటూరు నుంచి మిరపకాయ బండి బయల్దేరినట్టు అనుకోండి.

నేను కిషిలో దిగి బయటికొచ్చి వెనక్కి తిరిగి స్టేషన్ వంక చూశాను. 2010 ఆగస్టులో కట్టిన కొత్త బిల్డింగ్ అది, పిల్లి మొహం ఆకారంలో ఉంటుంది. పైన రెండు చెవులు, కింద కళ్లలాంటి రెండు కిటికీలు. ఫొటోల్లో చూసి పిల్లల పార్కులో బొమ్మలా ఉంటుందనుకున్నాను. దగ్గరికెళ్లి చూరు కిందనించి చూస్తే అది వేరు. పైకప్పు సైప్రస్ చెట్టు బెరడు. పల్చటి బెరడు పొరలు ఒకదాని మీద ఒకటి అద్ది, చూరు అంచున జానెడు మందాన, కత్తితో కోసినంత తిన్నగా ఉంది. మన తాటాకు కప్పులా లేదు, వెన్నలాగా నునుపుగా ఉంది. వాళ్ల పాత గుళ్లకు అలా కప్పుతారట. గుడికి చేసే పనిని ఒక చిన్న బ్రాంచి లైను చివరి స్టేషన్‌కి చేశారు. లోపల చిన్న కాఫీ కొట్టు, బొమ్మల దుకాణం, అద్దాల గది. అద్దాల గదిలో అప్పటి స్టేషన్ మాస్టర్ నితమా పడుకుని ఉంది. రెండో తమా అని ఆ పేరుకు అర్థం. టోపీ పక్కనే ఉంది. చుట్టూ పాతిక మంది నిలబడి ఫొటోలు తీస్తున్నారు, ఒక్కరూ గట్టిగా మాట్లాడటం లేదు.

మొదటి తమా 2015 జూన్ 22న చనిపోయింది. ఆరు రోజుల తరవాత కిషిలో షింటో పద్ధతిలో, అంటే జపాన్ వాళ్ల సొంత పాత మతం పద్ధతిలో, అంత్యక్రియల సభ పెట్టారు. మూడు వేల మంది దాకా వచ్చారు. ప్లాట్‌ఫారం మీదే చిన్న గుడి కట్టారు, తమా ఇప్పుడు అక్కడ దేవత. మా వాడు "ఇదేంటి నాన్నా, పిల్లికి గుడా" అన్నాడు. మనం కోతికి కట్టలేదా, పాముకి పాలు పొయ్యలేదా, కుక్కను భైరవుడి వాహనం అనలేదా అన్నాను. అక్కడ నిలబడి నేనూ దండం పెట్టుకున్నాను. మనస్ఫూర్తిగానే పెట్టుకున్నాను. ఒక స్టేషన్‌ని బతికించిన జీవం అది.

అయినా పిల్లి ఒక్కటే బతికించిందంటే నేను ఒప్పుకోను.

యాజమాన్యం మారేముందు ఏడాదిలో ఈ లైను మీద దాదాపు 19 లక్షల 20 వేల ప్రయాణాలు జరిగాయి. కొత్త కంపెనీ మొదటి ఏడాది దాదాపు 21 లక్షలు. ఆ ఏడాది ఏప్రిల్లో మొదలై మార్చిలో ముగుస్తుంది, అందులో తమా ఉద్యోగంలో ఉన్నది చివరి మూడు నెలలే. అంటే పిల్లి రాకముందే తొమ్మిది నెలలపాటు ఎవరో ఎక్కుతూనే ఉన్నారు. సంఘం వాళ్లు స్టేషన్లు ఊడ్చారు, పూలమొక్కలు పెట్టారు, ఇదకిసో షెడ్డులో ఏటా లైను పేరున పండగ చేశారు. తరవాత్తరవాత ఇంకో ప్రచారం పెట్టారు. ఒక్కొక్కళ్లం ఇంకో నాలుగుసార్లు ఎక్కువ ఎక్కుదాం, 25 లక్షలు దాటిద్దాం అని. నాలుగంటే నాలుగే. ఒక ముసలాయన కూడా చేయగలిగిన పని అది. అంత చిన్నగా అడగటం కూడా ఒక తెలివే.

లైను లాభాల్లోకి వచ్చిందా అంటే, రాలేదు. పదేళ్ల హామీ గడువు తీరాక మళ్లీ ప్రభుత్వాలు కూర్చుని సాయం కొనసాగించాల్సి వచ్చింది. దాన్ని ఓటమి అనే వాళ్లున్నారు. నేననను. మన ఊరి రోడ్డు ఏడాదికి ఎంత లాభం తెచ్చిందని ఎవరైనా అడిగారా? వీధి దీపం లాభంలో ఉందా నష్టంలో ఉందా అని లెక్క చూశారా? స్కూలు పిల్లల్ని మోసే బండిని మాత్రం ఎందుకు అడుగుతాం?

ఇంకొక లైను గురించి కాస్త చెప్పి మళ్లీ కిషికి వస్తాను. తీర ప్రాంతంలో డ్యూటీ చేసినవాళ్లకి తెలుసు, తుపాను రాత్రి జనం స్టేషన్‌కే వస్తారు. పక్కా బిల్డింగ్, తెరిచి ఉండే తలుపు, పనిచేసే ఫోను అక్కడ ఉంటాయి. జపాన్ ఈశాన్య తీరంలో సాన్‌రికు రైల్వే అని ఉంది. ఇందాక చెప్పిన 38 లైన్లలో, ప్రభుత్వ రైల్వే వదిలేసిన వాటిని స్థానికులు తీసుకుని నడపడం మొదలైంది దీనితోనే, 1984లో. 2011 మార్చి 11న సునామీ వచ్చింది. పట్టాలు, వంతెనలు, స్టేషన్లు కొట్టుకుపోయాయి. షిమనొకోషి అనే స్టేషన్ పూర్తిగా పోయింది, కొన్ని మెట్లు, ఒక కవితా శిల మిగిలాయి. కరెంటు లేదు. కంపెనీ వాళ్లు మియాకో స్టేషన్లో ఆగి ఉన్న డీజిల్ బండిలో కూర్చుని అదే ఆఫీసుగా పనిచేశారు, ఇంజను నడిస్తే దీపం వెలుగుతుంది కాబట్టి. మార్చి 16న, అంటే అయిదో రోజున, కుజి నుంచి రికుచూ-నొద దాకా చిన్న ముక్క మీద బండి నడిపారు. టిక్కెట్ లేదు, ఉచితం.

అయిదో రోజు! రోడ్ల మీద శిథిలాలు తీయనేలేదు. ఎవరు ఎక్కుతారు, ఎక్కడికి పోతారు అని లెక్కలు వేసుకుని ఉంటే ఆ బండి కదిలేది కాదు. హారన్ వినపడితే ఊరు ఇంకా ఉందని తెలుస్తుంది. ఆ హారన్ కొట్టడానికి పక్కన లెవెల్ క్రాసింగ్‌లు, బ్రిడ్జీలు కాలి నడకన చూసుకుంటూ పోయిన వాళ్ల గురించి ఆలోచించండి. ఆ పని ఏమిటో నాకు తెలుసు. మొత్తం లైను బాగై బండ్లు నడిచేసరికి 2014 ఏప్రిల్ 6 అయింది. కువైట్ దేశం ఇచ్చిన సాయంతో కొన్న కొత్త బండ్ల మీద అరబ్బీలో కూడా కృతజ్ఞతలు రాసుకున్నారు. మధ్యలో తెగిపోయిన ఇంకో ముక్క, అది ప్రభుత్వ రైల్వే వారసుల చేతిలో ఉండేది, 2019 మార్చి 23న దీనికి కలిసి 163 కిలోమీటర్ల లైను అయింది. ఆ రోజు పట్టాల పక్కన జనం పెద్ద పెద్ద రంగు జెండాలు ఊపారు. చేపలు నిండుగా పడిన రోజు పడవకి కట్టే జెండాలవి. అదే ఏడాది అక్టోబరులో తుపానుకు మళ్లీ తెగింది. 2020 మార్చికి మళ్లీ బాగుచేశారు.

సరే, కిషికి వద్దాం.

నితమా డ్యూటీ సాయంత్రం నాలుగింటికే అయిపోయింది. బయటి నుంచి వచ్చినవాళ్లు బొమ్మలు కొనుక్కుని వెళ్లిపోయారు. మా వాడు మనం కూడా పోదాం అన్నాడు. ఇంకో బండి చూసి పోదామన్నాను. బెంచీ మీద కూర్చున్నాం. పక్కన సైకిల్ స్టాండులో సైకిళ్లు వరసగా ఉన్నాయి, పొద్దున్న మేం దిగినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే. వాటిని ఎవరూ ఫొటో తీయలేదు.

బండి వచ్చింది. తమా బండి కాదు, మామూలుగా కనిపించేదే. పిల్లలు దిగారు, పాతిక మంది దాకా ఉంటారు. నల్ల యూనిఫాం, భుజాన సంచీలు, ఒకడి చేతిలో బేస్‌బాల్ బ్యాటు. అద్దాల గది వంక ఒక్కరూ చూడలేదు. గుడి పక్కనుంచి పోయారు. ఒక అమ్మాయి మాత్రం ఫోన్ చూసుకుంటూనే గుడి ముందు ఒక్క క్షణం తల వంచి, నడక ఆపకుండా వెళ్లిపోయింది. రెండు నిమిషాల్లో సైకిల్ స్టాండు సగం ఖాళీ అయింది. కొట్టు ముందు ఒక పెద్దావిడ నిలబడి పిల్లలతో ఏదో అంది, వాళ్లు నవ్వుతూ జవాబు చెప్పారు. బహుశా రోజూ అనే మాటే అయ్యుంటుంది.

డ్రైవర్ కిందికి దిగి, సంచీ పట్టుకుని, ప్లాట్‌ఫారం మీద ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాడు. చివరి స్టేషన్లో అతని క్యాబిన్ మారుతుంది. ఎక్కి కూర్చుని, జేబు గడియారం తీసి ముందు పెట్టుకున్నాడు. బండిలో ముగ్గురు ముసలమ్మలు, మేమిద్దరం. సిగ్నల్ వంక వేలు చూపించి, పైకి వినపడేట్టు ఒక మాట అన్నాడు. నా చెయ్యి కూడా దానంతటదే లేచింది. బండి కదిలింది.